రూకీకి ఆట తెలుసు, మరి లీగ్‌కు సిద్ధమేనా?

కొత్తగా ప్రొఫెషనల్ లీగుల్లోకి వచ్చే బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల (వీళ్లనే రూకీలు అంటారు) గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: కొత్త కుర్రాళ్ల గురించి కామెంటేటర్లు ‘సహజంగానే ఆట తెలిసినవాడు’ అంటుంటారు. అది పుట్టుకతో వస్తుందా? చూసి గుర్తుపట్టడం ఎలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎత్తు, చేతుల పొడవు పుట్టుకతో వస్తాయి. ఆట తెలియడం మాత్రం చాలావరకు ఆడి ఆడి అబ్బేదే. ఆలోచన కంటే ముందే కాలు కదులుతుంది కాబట్టి పుట్టుకతో వచ్చినట్టు కనిపిస్తుంది. 2008లో ఇటలీ పరిశోధకులు ఫ్రీ త్రో (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) వీడియోలను మధ్యలో ఆపి, బంతి రింగులో పడుతుందా లేదా చెప్పమని మూడు రకాల మనుషులను అడిగారు. ఒక గుంపు మేటి ఆటగాళ్లు, రెండోది కోచ్‌లు, క్రీడా విలేకరులు, మూడోది ఆట తెలియనివాళ్లు. ఆటగాళ్లు బంతి చేతిని వదలకముందే, వేసేవాడి శరీరం కదిలిన తీరును బట్టి సరిగ్గా చెప్పగలిగారు. రోజూ ఆట చూసే కోచ్‌లు, విలేకరులు వాళ్లంత ముందుగా పసిగట్టలేకపోయారు. అంటే ఎంత చూసినా చాలదు, ఒంటితో చేసి ఉండాలి.

కబడ్డీలో మంచి కార్నర్ ఆటగాడు రైడర్ చేతిని చూడడు, నడుము చూసి కాలు పట్టేస్తాడు. ఇక్కడా అంతే. బంతి, భుజాలు, కళ్లు మోసం చేస్తాయి, నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి.

గుర్తుపట్టాలంటే ముందు పాయింట్లు పక్కన పెట్టండి. ఒక క్వార్టర్‌లో ఐదు నిమిషాల పాటు బంతిని వదిలేసి ఆ కుర్రాడినే చూడండి. పాస్ చేతికి అందకముందే తల తిప్పి కోర్టు చూసుకుంటున్నాడా? అందాక చూసేవాడికి అర సెకను పోతుంది, ఆ అర సెకనులో ఖాళీ మూసుకుపోతుంది. షాట్ గాల్లో ఉండగానే కాళ్లు కదులుతున్నాయా, లేక బంతి రింగుకు తగిలాకేనా? ఒక కార్నర్ నుంచి వేసిన మూడు పాయింట్ల షాట్ తప్పితే చాలాసార్లు అవతలి వైపుకు, కాస్త దూరంగా పడుతుంది. ఆ వైపుకు ముందే రెండడుగులు వేసినవాడికి రీబౌండ్, అంటే తప్పి వచ్చిన బంతి, దొరుకుతుంది. డెనిస్ రాడ్‌మన్ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలే. అయినా 1992 నుంచి 1998 దాకా వరుసగా ఏడు సీజన్లు అమెరికా పురుషుల లీగ్ ఎన్‌బీఏలో రీబౌండ్ల సగటు అందరికన్నా అతనిదే ఎక్కువ. సహచరులు ప్రాక్టీసులో షాట్లు వేస్తుంటే ఎవరి బంతి ఎలా తిరుగుతోంది, తప్పితే ఎటు పడుతోంది అని గమనిస్తూ ఉండేవాడు. అది సహజ ప్రతిభ అన్నవాళ్లకు ఈ చాకిరీ కనిపించలేదు.

చివరిగా, తను కాపలా కాసే మనిషి దగ్గర బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో చూడండి. ఒకేసారి బంతీ, తన మనిషీ కంటికి ఆనేలా నిలబడేవాడు ఆట చదువుతున్నాడని అర్థం. మా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే.

ప్రశ్న: కెయిట్లిన్ క్లార్క్ అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో తొలి మ్యాచ్‌లోనే పది టర్నోవర్లు చేసింది, అంటే పదిసార్లు బంతి పోగొట్టుకుంది. అయినా ఆ ఏడాది ఉత్తమ రూకీ ఆమే. ఇంతకీ సిద్ధంగా వచ్చినట్టా, రానట్టా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చూపు సిద్ధంగా ఉంది, మిగతావి రావడానికి వ్యవధి చాలలేదు. తేదీలు చూడండి. 2024 ఏప్రిల్ 7న అయోవా విశ్వవిద్యాలయం తరఫున కాలేజీ ఫైనల్ ఆడింది. ఏప్రిల్ 15న డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఇండియానా ఫీవర్ జట్టు మొదటి ఎంపికగా తీసుకుంది. మే 14న కనెటికట్ సన్‌తో అరంగేట్రం. 20 పాయింట్లు, 10 టర్నోవర్లు. ఆపైన జట్టుకు తొలి 20 రోజుల్లోనే 11 మ్యాచ్‌లు పడ్డాయి. మ్యాచ్, ప్రయాణం, మళ్లీ మ్యాచ్. కొత్త సహచరులతో కుదురుగా ప్రాక్టీస్ చేయడానికి రోజులే లేవు. మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఫీవర్ గెలిచింది ఒక్కటే.

టర్నోవర్లన్నీ ఒకే రకం కావు, అంకె మాత్రమే చూసేవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. రూకీ గార్డు, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపే ఆటగాడు, బంతి పోగొట్టుకునే తీరులు ప్రధానంగా మూడు. మొదటిది ట్రాప్. సెంటర్ లైన్ దాటగానే ఇద్దరు డిఫెండర్లు మీదికి వస్తారు. కాలేజీలో ఇద్దరి మధ్య నుంచో, ఎగిరి వాళ్ల తలల మీదుగానో పాస్ వేసి బయటపడవచ్చు. ప్రొఫెషనల్ డిఫెండర్ల చేతులు పొడవు, పైగా వాళ్లు రెండడుగుల ముందు నుంచే దారి మూస్తూ వస్తారు. సైడ్‌లైన్ వైపు డ్రిబుల్ చేస్తే ఆ గీతే మూడో డిఫెండర్ అవుతుంది. రెండోది, ఒంటి బరువు. భుజంతో నెడుతూ ఉంటే డ్రిబుల్ మొండెం నుంచి దూరం జరుగుతుంది, అక్కడ చేయి పడుతుంది. మూడోది వేరే జాతి: పాస్ సరైనదే, సమయమూ సరైనదే, కానీ సహచరి చూడట్లేదు. బంతి ఆమె చేతులకు తగిలి బయటికి పోతుంది. లెక్కల పుస్తకంలో అది చాలాసార్లు పాస్ వేసినవాళ్ల తప్పుగానే పడుతుంది.

మొదటి రెండూ సిద్ధపాటు లోపాలు. మూడోది జట్టు ఇంకా ఆమె చూపును అందుకోలేదనడానికి గుర్తు, అది ప్రాక్టీసుతో పోతుంది. ఒలింపిక్స్ కోసం జులై, ఆగస్టుల్లో లీగ్ దాదాపు నెల రోజులు ఆగింది. ఆ విరామం తర్వాత ఫీవర్ ఆట మెరుగుపడింది, సీజన్‌ను 20 గెలుపులు, 20 ఓటములతో ముగించి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఆ సీజన్ మొత్తంలో క్లార్క్ 337 అసిస్టులు (సహచరులు పాయింట్లు చేసేలా ఇచ్చిన పాస్‌లు) చేసింది, అప్పటిదాకా ఎవరూ అన్ని చేయలేదు. టర్నోవర్లు 223, అదీ రికార్డే. ఒకే మ్యాచ్‌లో 19 అసిస్టుల రికార్డు కూడా జులై 17న డల్లాస్‌పై ఆమె పేరిట నమోదైంది. ఇంత పొడవైన పాస్‌లు ఇన్ని వేసే గార్డుకు టర్నోవర్లు తప్పవు. వాటికి భయపడి ఆ పాస్‌లు మానిపించే కోచ్ ఆ గార్డును సగం చేసినట్టే.

ట్రాప్‌కు విరుగుడు అడిగితే: ఇద్దరు కదలగానే వెనక్కి రెండు డ్రిబుల్స్ వేసి వాళ్లను రింగుకు దూరంగా లాగాలి. స్క్రీన్ వేసిన, అంటే డిఫెండర్ దారికి ఒళ్లు అడ్డుపెట్టిన, పోస్ట్ ప్లేయర్ (రింగు దగ్గర ఆడే పొడుగరి) రింగు దాకా పరిగెత్తకుండా ఫ్రీ త్రో గీత దగ్గరే ఆగి చేతులు చూపాలి. అక్కడికి పాస్ పడితే మిగిలింది ముగ్గురు డిఫెండర్లపై నలుగురు. ఇది అయిదుగురికీ తెలియాలి, ఒక్క గార్డుకు తెలిసి లాభం లేదు.

ప్రశ్న: కాలేజీలో దుమ్ము రేపినవాళ్లు ఎన్‌బీఏలో బెంచీకే ఎందుకు పరిమితమవుతారు? ఆట ఒకటే కదా? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కొలతలే మారిపోతాయి. అమెరికా పురుషుల కాలేజీ ఆట 40 నిమిషాలు, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉన్న గడువు) 30 సెకన్లు, మూడు పాయింట్ల గీత 22 అడుగుల 1¾ అంగుళాలు, రింగు ముందున్న పెయింట్ వెడల్పు 12 అడుగులు. ఎన్‌బీఏలో ఇవే 48 నిమిషాలు, 24 సెకన్లు, 23 అడుగుల 9 అంగుళాలు, 16 అడుగులు. కార్నర్లలో మాత్రం గీత 22 అడుగులే. కోర్టు వెడల్పు 50 అడుగులు కాబట్టి అక్కడ గీతకూ సైడ్‌లైన్‌కూ మధ్య మిగిలేది మూడడుగులు. పెద్ద పాదాలున్న రూకీ చూసుకోకుండా మడమ సైడ్‌లైన్ మీద వేస్తే, బంతి చేతికి అందగానే అవుట్. మ్యాచ్‌లు కాలేజీలో దాదాపు 35 ఉంటే ఇక్కడ 82. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి కాళ్లు బరువెక్కుతాయి. మొదట దెబ్బతినేది జంప్ షాట్, బంతి రింగు ముందు అంచుకు తగిలి రాలిపోవడం మొదలవుతుంది.

ఇంకో నిబంధన చాలామందికి తెలియదు. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరగా కాపలా కాయని డిఫెండర్ పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. 2001-02 సీజన్ నుంచి ఈ రూలు ఉంది, కాలేజీలో లేదు. అక్కడ రింగు ముందు పాతుకుపోయి బ్లాకులు చేసిన పొడుగరి ఇక్కడ లోపలికీ బయటికీ అడుగులు వేస్తూ ఉండాలి. బ్లాక్ చేసే సమయస్ఫూర్తి అతని దగ్గరే ఉన్నా, ఉండాల్సిన చోట మనిషి ఉండడు.

దొంగిలించే నేర్పు ఉన్నవాడికి ఇంకో ప్రమాదం. కాలేజీలో పాస్ దారిలోకి దూకితే నాలుగుసార్లలో రెండుసార్లు దొరికేది. ఇక్కడ ప్రత్యర్థి గార్డు అది కనిపెట్టి, అటు పాస్ ఇచ్చినట్టు చూపి దూకినవాడి వెనక నుంచి మరొకరికి ఇస్తాడు. ఒక్కడు దూకితే మిగతా నలుగురూ అయిదుగురిని కాయాలి. అందుకే కోచ్‌లు ముందుగా చెప్పే మాట: చేతులు కాదు, కాళ్లు. మొదటి అడుగులోనే ఓడిన రూకీ చేయి చాచి ఫౌల్ చేస్తాడు. ఎన్‌బీఏలో ఆరు ఫౌళ్ల దాకా ఆడనిస్తారు, అయినా తొలి క్వార్టర్‌లో రెండు పడితే సాధారణంగా కోచ్ బెంచీ ఎక్కిస్తాడు. మందు ఒకటే, వేగమున్న గార్డుకు చేయి బారెడు చోటు వదలడం, అతను కదిలినప్పుడు ఛాతీని దారికి అడ్డంగా తేవడం.

పైగా ప్రత్యర్థులు వెతికి మరీ రూకీనే బరిలోకి లాగుతారు. అతను కాసే మనిషితోనే పదేపదే స్క్రీన్ వేయిస్తారు. ఎదురుగా ఉన్నది మంచి షూటర్ అయితే అతన్ని అంటుకునే స్క్రీన్ పైనుంచి దూరాలి, షాట్ లేనివాడైతే కింద నుంచి, అంటే స్క్రీన్ వేసినవాడి వెనకగా, పోవచ్చు. ఎవరు ఏమిటో ముందురోజు చదువుకుని రావాలి. సహజ ప్రతిభ ఆ చదువుకు బదులు కాదు.

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి కూపర్ ఫ్లాగ్ వీరాభిమాని. సీజన్ మొదట్లో అతని ఆట చూసి నిరాశపడ్డాడు. పిల్లవాడికి ఏం చెప్పాలి? – ఒక తండ్రి

జవాబు: ఎక్కడ ఆడించారో చూడమనండి. ఫ్లాగ్ పుట్టింది 2006 డిసెంబరు 21న. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒకే ఏడాది ఆడి, 18 ఏళ్లకే 2025 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్‌కు మొదటి ఎంపికగా వచ్చాడు. పుట్టుక ఫార్వర్డ్ ఆటే (రింగుకు అటూ ఇటూ ఆడే పొడుగరి పని) అతనిది. కైరీ ఇర్వింగ్ మోకాలి గాయంతో దూరమవడంతో కోచ్ జేసన్ కిడ్ 2025-26 సీజన్ ఆరంభంలో అతన్ని పాయింట్ గార్డుగా దించాడు. తనకన్నా ఎనిమిది అంగుళాలు పొట్టిగా ఉన్న గార్డు డ్రిబుల్ కింద దూరి కోర్టు పొడవునా వేధిస్తుంటే, 24 సెకన్లలో ఆరేడు బంతిని ముందుకు తేవడానికే పోతాయి. ఆట చదివే సమయం అక్కడే హరించుకుపోతుంది.

విక్టర్ వెంబన్యామా విషయంలో శాన్ ఆంటోనియో స్పర్స్ కూడా 2023-24 మొదట్లో మరో సెంటర్ (రింగు దగ్గరే ఆడే అందరికన్నా పొడుగరి) పక్కన ఫార్వర్డ్‌గా ఆడించి, డిసెంబరులో సెంటర్‌కు మార్చింది. ఆ తర్వాత అతని ఆట, జట్టు ఆట రెండూ సాఫీ అయ్యాయి. సీజన్ ముగిసేసరికి సగటున 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, 3.6 బ్లాకులతో ఏకగ్రీవంగా ఉత్తమ రూకీ అయ్యాడు. రూకీ సిద్ధంగా ఉన్నాడా అన్న ప్రశ్నలో సగం, జట్టు అతన్ని ఏ పనికి పెట్టిందన్నదే.

మీ అబ్బాయికి ఇంకో సంగతి. ఫ్లాగ్ లాస్ వేగాస్ సమ్మర్ లీగ్ (సీజన్‌కు ముందు కొత్తవాళ్లు ఆడే పోటీ) తొలి మ్యాచ్‌లో 21 షాట్లు వేసి 5 మాత్రమే చేశాడు. తర్వాతి మ్యాచ్‌లో 31 పాయింట్లు కొట్టాడు. షాట్ అలా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పక్క మనిషికి సాయంగా వెళ్లి బ్లాక్ చేయడం, రీబౌండ్ పట్టి తనే బంతితో పరుగు తీయడం, పరుగులోనే పాస్ ఇవ్వడం – షాట్ పడని రోజుల్లోనూ ఇవి కనిపిస్తే బెంగ అక్కర్లేదు. అవే లెక్కపెట్టమనండి.

ప్రశ్న: లూకా డాంచిచ్ వేగంగా పరిగెత్తడు, ఎత్తుకు ఎగరడు. మరి వచ్చిన ఏడాదే ఎలా రాణించాడు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అతను పేరుకే రూకీ. 2015లో, 16 ఏళ్ల వయసులో, రియల్ మాడ్రిడ్ సీనియర్ జట్టులో అడుగుపెట్టాడు. 2017లో స్లొవేనియా తరఫున యూరోబాస్కెట్ (ఐరోపా దేశాల టోర్నీ), 2018లో మాడ్రిడ్ తరఫున యూరోలీగ్ (ఐరోపా క్లబ్బుల లీగ్) గెలిచాడు, ఆ యూరోలీగ్ సీజన్‌కు ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా అతనే. మూడేళ్లు పెద్దవాళ్ల భుజాల దెబ్బలు తిని వచ్చాడు కాబట్టి 2018-19లో సగటున 21.2 పాయింట్లు, 7.8 రీబౌండ్లు, 6 అసిస్టులు చేయడంలో వింత లేదు. అతని గొప్ప ఆగడంలో ఉంది. పూర్తి పరుగు నుంచి ఒక్క అడుగులో ఆగితే డిఫెండర్ ముందుకు దాటిపోతాడు, అప్పుడు వీపుతో అతన్ని వెనకే ఉంచి తీరిగ్గా చూసుకుంటాడు. నికోలా యోకిచ్‌దీ అదే బాట. 2014లో 41వ ఎంపిక అయ్యాక కూడా ఇంకో ఏడాది సెర్బియాలోనే ఆడి, 2015లో డెన్వర్ వచ్చాడు.

ప్రశ్న: మన సత్నామ్ సింగ్ డ్రాఫ్ట్ అయ్యాక కూడా ఎన్‌బీఏలో ఎందుకు ఆడలేకపోయాడు? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు, భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు సత్నామ్. అది పెద్ద ఘనత, తర్వాత జరిగినదాన్ని బట్టి తగ్గించకూడదు. మొదటి రౌండులో వచ్చినవాళ్లకు తొలి రెండేళ్ల జీతానికి హామీ ఉంటుంది, రెండో రౌండులో ఏ హామీ ఉండదు. డల్లాస్‌కు అనుబంధమైన టెక్సస్ లెజెండ్స్‌లో ఆడాడు గానీ ఎన్‌బీఏ మ్యాచ్ దక్కలేదు. 7 అడుగుల 2 అంగుళాల మనిషి రింగు దగ్గర బలం చూపించే రోజులు అప్పుడే పోతున్నాయి. సెంటర్లు కూడా మూడు పాయింట్ల గీత దాకా వచ్చి గార్డులను కాయాల్సిన ఆట మొదలైంది. పంజాబ్ పల్లె నుంచి 2010లో, 14 ఏళ్లకు అమెరికా వెళ్లాడు, కాలేజీ ఆట ఆడకుండానే డ్రాఫ్ట్‌లోకి వచ్చాడు. ఆట చదివే చూపు గట్టి పోటీ మ్యాచ్‌లలో గడిపిన నిమిషాల నుంచి వస్తుంది, ఆ నిమిషాలే అతనికి తక్కువ దొరికాయి. మన పిల్లలకు కావలసింది కూడా అవే. శిబిరాలు, సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి, ఏడాది పొడవునా సాగే మంచి మ్యాచ్‌లు లేవు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, జిల్లా జట్టులో ఆడుతోంది. ఆట తెలివి పెరగడానికి ఏం ప్రాక్టీస్ చేయించాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు బంతి చూడండమ్మా. ఆమె వయసుకు 6వ సైజు, చుట్టుకొలత 28.5 అంగుళాలు. చాలా మైదానాల్లో అబ్బాయిల 7వ సైజు బంతే ఉంటుంది. దానితో ఆడితే ఒంటి చేత్తో పాస్ వేయలేక, చూసిన ఖాళీని వదిలేయడం అలవాటవుతుంది.

కోన్‌ల మధ్య డ్రిబుల్ చేయడం చేతికి మంచిదే కానీ, కోన్ ఎదురు రాదు, కంటికి పని ఉండదు. వారంలో కనీసం మూడు రోజులు ముగ్గురు ముగ్గురుగా సగం కోర్టులో ఆడించండి. అందులో రెండు ఆటలు డ్రిబుల్ లేకుండా ఆడాలి. బంతి లేనివాళ్లు కదలకపోతే ఆట ఆగిపోతుంది కాబట్టి కదలడం వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు. ఆడే గుంపు ఎనిమిది, పది మందైనా పర్వాలేదు, ఓడినవాళ్లు బయటికి, గెలిచినవాళ్లు కోర్టులోనే.

పాస్ అందుకోకముందే చూసే అలవాటుకు ఒక పద్ధతి ఉంది. అమ్మాయి వీపు వెనక ఒకరు నిలబడి వేళ్లు చూపాలి. పాస్ గాల్లో ఉండగా ఆమె తల తిప్పి చూసి, బంతి పట్టేలోపు అంకె చెప్పాలి. పదిసార్లు ఒక విడత, అలా మూడు విడతలు. మొదటి వారం బంతి జారిపోతుంది, అప్పుడు పాస్ వేగం తగ్గించండి, చూడటం మాన్పించకండి. రీబౌండ్‌కు, ఎవరో షాట్ వేస్తుంటే బంతి చేయి వదలగానే ‘కుడి’, ‘ఎడమ’, ‘దూరం’, ‘దగ్గర’ అని గట్టిగా చెప్పించండి. రోజుకు 30 షాట్లు చాలు. ఎన్ని సరిపోయాయో రాసుకుంటే నెలలో తేడా మీకే తెలుస్తుంది.

వీడియో చూడటానికి రోజుకు పది నిమిషాలకు మించి వద్దు. పాస్ వేసే ముందు ఆపి, ‘ఇప్పుడు ఎవరికి?’ అని అడగండి. మీరు జవాబు చెప్పకుండా మళ్లీ నడపండి.

ఇక మోకాళ్లు. ఈ వయసు అమ్మాయిల్లో మోకాలి మధ్యలో ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ (ఏసీఎల్) గాయాలు అబ్బాయిల కంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వంగడం ప్రధాన కారణాల్లో ఒకటి. ప్రాక్టీసుకు ముందు పది నిమిషాలు: పీట ఎత్తు నుంచి దిగి రెండు కాళ్ల మీద చప్పుడు లేకుండా ఆగడం 8 సార్లు, ఒక్కో కాలి మీద అదే 5 సార్లు చొప్పున, కూర్చుని లేవడం 12 సార్లు. మోకాలు బొటనవేలికి లోపలగా పోతుంటే ఎత్తు తగ్గించండి. సిమెంట్ కోర్టు అయితే దూకే పని వారానికి రెండు రోజులకు మించకూడదు, బూటు అడుగు అరిగి నున్నబడగానే మార్చేయాలి.